పూల ముసుగు

ఉమామహేశ్ ఆ బొమ్మల షెడ్డులోకి వచ్చేటప్పుడు ఎప్పుడూ ముక్కుకు కర్చీఫు అడ్డం పెట్టుకుంటాడు. మట్టి నానేసిన తొట్లలోంచి వచ్చే పులిసిన వాసన ఆయనకు పడదు. అదే మట్టితో చేసిన దేవుని ముందు తొమ్మిది రోజులు లెంపలేసుకోవడానికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు.

ఆరోజు కర్చీఫు జేబులోనే ఉండిపోయింది. అది చూడగానే శివలీల జాగ్రత్తపడింది. పెద్దమనుషులు ఉన్నట్టుండి మంచిగా ఉన్నారంటే మన దగ్గర ఏదో పని పడిందనే అర్థం. ఆమె అప్పుడు దసరాకు చేయవలసిన దుర్గమ్మ చట్రానికి వరిగడ్డి చుట్టి పురికొసతో బిగిస్తోంది. వెదురుబద్ద మీద గడ్డిని ఒక మోకాలితో అదిమిపట్టి, కొస చివరను పండ్ల మధ్య కరిచి, రెండు చేతులతో లాగి ముడి వేస్తుంది. నోట్లో కొస ఉంది కాబట్టి తల ఊపి ఊరుకుంది.

ఉమామహేశ్ కాలనీ వినాయక ఉత్సవ కమిటీకి అధ్యక్షుడు. షెడ్డు ముందున్న కల్యాణమండపం ఆయనదే, షెడ్డు నిలబడిన ఖాళీ జాగా ఆయనదే. ఈ మధ్యే రాయల కళాసమాఖ్య అని ఒకటి పెట్టి దానికీ తానే అధ్యక్షుడయ్యాడు. కర్నూల్లో అధ్యక్షుడు లేని సంఘం ఏదన్నా మిగిలి ఉంటే ఆయనకు ఇంకా కబురు అంది ఉండదు.

ఆయన ఫోను తీసి ఫ్లెక్సీ బొమ్మ చూపించాడు. నిండా వీరభద్రప్ప ముఖమే ఉంది. వీరభద్రప్ప కాంట్రాక్టరు. వచ్చే ఎన్నికల్లో టికెట్టు తనకేనని ఆయనే అందరికీ చెప్పుకుంటున్నాడు. ఆ ముఖం కింద, మూలగా, బొటనవేలి గోరంత సైజులో నలుగురి ముఖాలున్నాయి. అందులో ఒకటి శివలీల మొగుడు నిమాయ్‌ది. పైన పెద్ద అక్షరాలతో ‘వలస కళాకారులకు వందనం’ అని రాసి ఉంది.

పండగకు రెండు రోజుల ముందు కల్యాణమండపంలో సభ అన్నాడు ఉమామహేశ్. పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చి, ఈడే స్థిరపడి, మన కళలకు పేరు తెచ్చినవాళ్లను గుర్తించడం మన ధర్మమన్నాడు. నిమాయ్ రాకముందు కర్నూల్లో నిలువెత్తు మట్టి వినాయకుడు యాడన్నా ఉన్నాడా అని ఆయనే అడిగి, లేడని ఆయనే జవాబు చెప్పుకున్నాడు. శివలీలకు నిజంగానే సంతోషమైంది. బెంగాల్‌లో నదియా జిల్లా నుంచి ఒక్క సీజనుకని వచ్చిన మనిషి ఇక్కడి నీళ్లకు, ఇక్కడి ఎండకు అలవాటుపడి, ఆలూరు పక్క పిల్లను చేసుకొని, ఇక్కడి మట్టికే చేతులు అరగదీసుకున్నాడు. ఒక శాలువా కప్పితే వాళ్ల సొమ్మేం పోయింది అనుకుంది.

ఉమామహేశ్ అప్పుడు అసలు సంగతి బయటపెట్టాడు.

“మన కమిటీ వినాయకునికి వీరభద్రప్ప చేత కన్ను పెట్టిస్తాం, స్టేజీ మీదనే. పేపరోళ్లు, టీవీలోళ్లు వస్తాండారు. రిబ్బను కోసేది పాతబడిపోయింది గదమ్మా.”

శివలీల నోట్లో కొస తీసేసింది. కన్ను పెట్టేది ఆటకాదని, అది నిమాయ్ ఒక్కడే చేస్తాడని, తనను కూడా దగ్గరికి రానీడని చెప్పింది. ఉమామహేశ్ చిరునవ్వు చెక్కుచెదరలేదు. ఆయన లెక్కలో కన్నంటే రెండు నల్లచుక్కలు. చుక్క ఎవరు పెడితే ఏముందని అడిగాడు.

“నువ్వు మన మనిషివి. నువ్వే నచ్చజెప్పల్ల. మొన్న వీళ్లు బంగ్లాదేశ్ వాళ్లేమో, కార్డులు చూడండని ఎవరో ఎగదోస్తే, అడ్డం పడి మాట్లాడింది ఎవరు? మళ్లా అట్లాంటిది రాకుండల్లంటే పెద్దోళ్ల అండ ఉండల్ల గదా.”

శివలీల సరేనంది. అన్న మరుక్షణమే తన మీద తనకే రోత పుట్టింది. కానీ కార్డులడిగిన రోజు షెడ్డు ముందు నిలబడి నిమాయ్ తన ఆధార్ కార్డు చూపిస్తుంటే, దారినపోయేవాళ్లు ఆగి ఆగి చూడడం ఆమె మరిచిపోలేదు. వాళ్లలో సగం మంది ఇంట్లో ఏడాదేడాది నిమాయ్ చేసిన దేవుడే కూర్చుంటాడు.

మధ్యాహ్నం నిమాయ్ తుంగభద్ర ఇసుక బస్తాలతో ఆటోలో వచ్చాడు. పనికి వచ్చే గిడ్డమ్మ తొట్టిలోకి దిగి రేగడిమట్టిలో వేరుశనగ పొట్టు కలిపి తొక్కుతోంది. గిడ్డమ్మ ముసలిదైనా కాళ్లకు ఇంకా సత్తువ ఉంది. ఒట్టి రేగడితో చేస్తే ఇక్కడి ఎండకు బొమ్మ సాయంత్రానికి నెర్రెలు విచ్చుతుంది. పొట్టు కలిపితే మట్టి పట్టుగా ఉంటుంది. అది శివలీల వాళ్ల ఊళ్లో గోడలు మెత్తే పద్ధతి. నిమాయ్ ఆ పద్ధతి విన్నరోజే దాన్ని తనది చేసుకున్నాడు. పైపూతకు మాత్రం వాళ్ల బెంగాలు పద్ధతే, ఇసుక కలిపిన పలుచని మట్టిలో పాతగుడ్డ పేలికలు ముంచి పగుళ్ల మీద అతికిస్తాడు. రంగులోకి చింతగింజల జిగురు ఉడికించి కలుపుతాడు. ఇందులో ఏది బెంగాలుదో ఏది సీమదో ఇప్పుడు విడదీయమంటే వాళ్లిద్దరికీ చేతకాదు.

శివలీల చెప్పినదంతా నిమాయ్ ఇసుక దించుతూనే విన్నాడు. ఆయన మాట్లాడేది ఆలూరు తెలుగే, ఆమె దగ్గర నేర్చుకున్నదే. కోపం వచ్చినప్పుడు మాత్రం మాట్లాడడు. కుళాయి దగ్గరికి పోయి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. గోళ్ల సందున మట్టి పోయింది, అయినా కడుగుతూనే ఉన్నాడు.

“ఈ షెడ్డులో అన్నీ అందరివి,” అన్నాడు చివరికి. “గడ్డి నీది. మట్టి గిడ్డమ్మది. రంగులు ఎవరైనా ఏస్తారు. కన్నొక్కటే నాది. అది గూడా తీసుకొని శాలువా ఇస్తారంట.”

శివలీల కార్డుల సంగతి ఎత్తింది. ఆ మాట ఎత్తకుండా ఉండవలసిందని ఎత్తాక తెలిసింది. నిమాయ్ ముఖంలో ఉన్న కోపం అంతా పోయి, దాని స్థానంలో అలసట వచ్చి కూర్చుంది. కోపమే నయమనిపించింది ఆమెకు.

కన్ను పెట్టే రోజు ఆయన తెల్లవారకముందే తలస్నానం చేస్తాడు. మంచినీళ్లు కూడా ముట్టడు. బొమ్మ చుట్టూ పాత దుప్పట్లు కట్టి లోపలికి పోతాడు. బయటికి వచ్చాక కాసేపు ఎవరితోనూ మాట్లాడడు. కన్ను పడేదాకా అది మట్టి, గడ్డి. దాని మీద కాలు పెట్టి ఎక్కుతారు, సుత్తితో కొడతారు, ఎండలో పడేస్తారు. కన్ను పడిన తర్వాత అది ఇంటికొచ్చిన దేవుడు. ఇంక దాని మీద గోరు కూడా పడకూడదు. ఒకసారి పెట్టిన కన్నును చెరిపి మళ్లీ పెట్టడమన్నది వాళ్లలో లేదు. అది కన్ను పొడవడంతో సమానం.

సాయంత్రానికి నిమాయ్ ఒక మార్గం చెప్పాడు. సభ రోజు తెల్లవారుజామున తానే కన్ను పెట్టేస్తాడు. స్టేజీ మీద వీరభద్రప్ప రంగు లేని ఎండు కుంచెను ఒకసారి గాలిలో అట్లా తిప్పితే చాలు. ఫోటోకు ఫోటో వస్తుంది, కన్నుకు ఏమీ కాదు. శివలీల ఫోన్ చేసి చెబితే ఉమామహేశ్ ఎంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే ఆమెకు అప్పుడే అనుమానం రావలసింది. అంతే గదమ్మా, ఎండు కుంచెకు పచ్చి కుంచెకు ఫోటోలో తేడా ఏం తెలుస్తాది, అన్నాడాయన.

సభ రోజు పొద్దున దుప్పట్లు తీసినప్పుడు గిడ్డమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఏనుగు కన్ను చిన్నది. అంత పెద్ద ముఖంలో అంత చిన్న కన్నుకు చూపు తెప్పించడం కష్టం. నిమాయ్ పెట్టిన కండ్లు కొంచెం కిందికి చూస్తున్నాయి, వచ్చి నిలబడినవాళ్ల ముఖం చూస్తున్నట్టు. ఎదురుగా నిలబడితే శివలీలకు ఆ దేవుడు తనను గుర్తుపట్టినట్టే అనిపించింది. ప్రతి ఏడాదీ అనిపిస్తుంది, ప్రతి ఏడాదీ ఒళ్లు జలదరిస్తుంది. నిమాయ్ బయట రాయి మీద కూర్చొని కాలువ వైపు చూస్తున్నాడు. ఆమె టీ తెచ్చి పక్కన పెట్టి వచ్చేసింది.

సభ సాయంత్రం నాలుగింటికన్నారు. వీరభద్రప్ప ఆరు దాటాక వచ్చాడు. అంతవరకు సన్మానం పొందేవాళ్లను స్టేజీ మీద వెనకవరుస కుర్చీల్లో కూర్చోబెట్టారు. వేంపల్లె పక్క నుంచి వచ్చిన తోలుబొమ్మల ముసలాయన ఉన్నాడు. ఎప్పుడో తాతల కాలంలో వలసొచ్చిన కుటుంబమైనా ఇంట్లో వాళ్లు ఇప్పటికీ మరాఠీయే మాట్లాడుకుంటారట. రాతి విగ్రహాలు చెక్కే రాజస్థాన్ మనిషి ఒకడు, ఆలూరులో నాటకాలు నేర్పే బళ్లారి హార్మోనియం మేష్టరు ఒకాయన ఉన్నారు. నిమాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకొని చివరి కుర్చీలో కూర్చున్నాడు.

వీరభద్రప్ప వెంట వచ్చినవాళ్లు ఆయనకంటే ముందే స్టేజీ ఎక్కారు. ఎక్కినవాళ్లకు కుర్చీలు కావాలి కదా. ఉమామహేశ్ వెనకవరుస దగ్గరికి పోయి మొదట మేష్టరు భుజం మీద చెయ్యేశాడు. ఆయన లేచాడు. తర్వాత రాజస్థాన్ ఆయన లేచాడు. తోలుబొమ్మల ముసలాయనకు ఎందుకు లేవమంటున్నారో అర్థం కాలేదు. సన్మానం మొదలైందనుకొని నమస్కారం పెట్టాడు. ఆయనను చెయ్యిపట్టి లేపారు. నిమాయ్ ఎవరూ చెప్పకుండానే లేచి నిలబడ్డాడు. కాసేపటికి సన్మానం పొందవలసిన నలుగురూ తెర పక్కన స్తంభానికి ఆనుకొని నిలబడ్డారు. వాళ్ల కుర్చీల్లో ఫలానా వార్డు మాదని చెప్పుకునే నాయకులు కాళ్లు చాపుకొని కూర్చున్నారు.

“సన్మానమంటే నిలబెట్టేదా మే?” అని గిడ్డమ్మ శివలీల చెవిలో అడిగింది.

శివలీల స్తంభం దగ్గర నిలబడ్డ నిమాయ్‌ను చూసింది. ఆమె నోరు చేదుగా ఉంది.

వీరభద్రప్ప బాగా మాట్లాడాడు. ఆ సంగతి ఒప్పుకోవాలి. కళకు హద్దులు లేవన్నాడు. వలస వచ్చినవాళ్లు పరాయివాళ్లు కారు, మన ఇంటి దీపాలన్నాడు. వాళ్ల ఆచారాలు మన ఆస్తి అని, వాటిని కంటికి రెప్ప మాదిరి కాపాడుకోవాలని అన్నాడు. చప్పట్లు మోగాయి. నలుగురికీ శాలువాలు కప్పారు. కప్పినంతసేపూ వీరభద్రప్ప ముఖం కెమెరా వైపే ఉంది. నిమాయ్ శాలువా ఒక భుజం మీది నుంచి జారుతుంటే తానే సర్దుకున్నాడు.

తర్వాత వినాయకుని మీద కప్పిన గుడ్డ లాగారు. వీరభద్రప్పకు కుంచె అందించారు. శివలీల ఆ కుంచె వైపే చూస్తోంది. దాని మొన నల్లగా మెరిసింది. స్టేజీ మూలన, బల్ల కింద, మూత తీసిన నల్ల ఎనామిల్ పెయింటు డబ్బా ఉంది. ఎండు కుంచె ఫోటోలో బాగుండదని ఫోటోగ్రాఫరు అన్నాడట. ఈ మాట తర్వాత తెలిసింది. ఆమె లేచి నిలబడేలోపలే నిమాయ్ స్తంభం దగ్గర నుంచి ఒక అడుగు ముందుకు వేశాడు. ఉమామహేశ్ నవ్వుతూనే ఆయన దండచెయ్యి పట్టుకొని ఆపాడు. దూరంనుంచి చూసేవాళ్లకు ఆప్యాయంగా పట్టుకున్నట్టే ఉంటుంది.

వీరభద్రప్ప కుంచెను దేవుని కుడికన్ను మీద పెట్టి గట్టిగా తిప్పాడు. ఫోటోగ్రాఫరు ఇంకోసారి అన్నాడు. ఇంకోసారి తిప్పాడు. ఎనామిల్ కారి చెంప మీదుగా తొండం దాకా వచ్చింది. ఆయన వేళ్లకూ అంటింది. చుట్టూ చూశాడు. పక్కనే నిలబడిన నిమాయ్ భుజం మీది శాలువా కొస అందుకొని, వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ, ఇంట్లో తువ్వాలుకు తుడుచుకున్నంత మామూలుగా తుడుచుకున్నాడు. సభలో ఎవరికీ అది వింతగా తోచలేదు. చప్పట్లు కొట్టేవాళ్లు కొడుతూనే ఉన్నారు.

శివలీల లేచింది. మండపం బయటికి వచ్చి చెప్పులస్టాండు పక్కన ఉమ్మింది. మళ్లీ ఉమ్మింది. ఆ జనంలో సగం మంది ఆమెకు తెలిసినవాళ్లే. తన భాష మాట్లాడేవాళ్లే. ఆ సంగతే ఆమెకు ఎక్కువ రోతగా ఉంది.

జనం పోయాక నిమాయ్ స్టేజీ మీదికి పోయి దేవుని ముఖం ముందు నిలబడ్డాడు. ఎడమకన్ను కిందికి, తన వైపే చూస్తోంది. కుడికన్ను స్థానంలో నల్లమరక ఉంది. శాలువా తీసి మడిచి, మరక లోపలికి పోయేటట్టు మడిచి, ఖాళీ కుర్చీలో పెట్టాడు. ఉమామహేశ్ వచ్చి, తప్పయిపోయింది, నువ్వు కళాకారునివి, రాత్రికి గీకేసి మంచిగా మళ్లా పెట్టెయ్ అన్నాడు.

అది తన చేత కాదన్నాడు నిమాయ్. ఈ దేవుణ్ణి రేపే కాలువలో సాగనంపాలి అన్నాడు. షెడ్డులో ఇంకో వినాయకుడు ఉన్నాడు, కొంచెం పొట్టి, దానికి రేపు పొద్దున్నే కన్ను పెట్టి ఇస్తాను, అది తీసుకోండి అన్నాడు. దానికి వేరే ఏమీ ఇవ్వనక్కర్లేదని కూడా అన్నాడు. శివలీల పక్కనే ఉంది. మొగుడు అంత మెల్లగా, అంత మర్యాదగా అడగడం చూస్తే ఆమెకు ఏడుపొచ్చింది.

ఉమామహేశ్‌కు పొట్టి దేవుడు పనికిరాడు. జిల్లాలోకెల్లా ఎత్తైన మట్టి గణపతి అని ఫ్లెక్సీలు కట్టేశారు. పక్క కాలనీవాళ్లు నవ్వుతారు. కాసేపు బతిమాలాడు, తర్వాత ఆయన అసలు గొంతు బయటికి వచ్చింది.

“మీ బెంగాలు ఆచారాలు మాకెందుకప్పా? ఈడికొచ్చి బతుకుతాండావు, ఈడి పద్ధతిలో ఉండు. దీపాలని నెత్తినెక్కించుకుంటే ఇట్లనే ఉంటాది.”

గంట కిందట ఇదే స్టేజీ మీద ఆచారాలన్నీ ఆస్తి అయ్యాయి. ఆస్తి ఎవరిదో ఇప్పుడు తెలిసింది. నిమాయ్ మెట్లు దిగాడు. దేవుణ్ణి వాళ్లు ట్రాక్టరులో ఎక్కించి పందిరికి తీసుకుపోయారు.

మరుసటి రోజు గిడ్డమ్మ పందిరి దాకా పోయి చూసివచ్చింది. ఆమె చెప్పింది వింటుంటే శివలీల చేతిలో గడ్డి అట్లాగే ఉండిపోయింది. లైట్లు కట్టేవాడు ఒకడు పెయింటు పోగొట్టే థిన్నర్ గుడ్డతో మరక తుడిచాడట. నలుపు చెంపంతా పాకింది. ఇంకొకడు తడి స్పాంజి తెచ్చి రుద్దాడట. కాల్చని మట్టి అది. పై రంగు లేచిపోయి నీళ్లు తగిలేసరికి మెత్తబడి ముద్దగా జారింది. రుద్దేవాడు ఆపలేదు. కన్నుండవలసిన చోట పిడికిలి పట్టేంత బొక్క పడి, లోపల గడ్డి కనబడుతోందట. ఇదంతా చెప్పి గిడ్డమ్మ, దేవుడు కాబట్టి అరవలేదు మే, అంది.

నిమాయ్ విన్నాడు. దుర్గమ్మ చేతివేళ్లు చేస్తున్నాడు అప్పుడు. ఒక్కో వేలినీ అరచేతిలో పాముతూ చేసి, చీపురుపుల్ల గుచ్చి, బల్ల మీద వరుసగా పెడుతున్నాడు. కొంచెంసేపటికి ఆ వేళ్లన్నీ ఒక్కచోటికి తోసి ముద్ద చేసి తొట్టిలో వేశాడు. ఈ ఏడాది దుర్గమ్మలు వద్దు అన్నాడు. ఈ ఊళ్లో ఉండేదీ లేనిదీ ఆ తర్వాత చూద్దాం అన్నాడు. ఎక్కడికి పోతామని శివలీల అడగలేదు. తనకు ఈ ఊరు విడిచి పోవాలంటే బాధగా ఉందా అని లోపల వెతుక్కుంది. అసహ్యం తప్ప ఏమీ దొరకలేదు.

పండగరోజు పొద్దున శివలీలే పోదామంది. ఏమైనా మన చేతి దేవుడు, ఒకసారి దండం పెట్టుకొని వద్దాం అంది. నిమాయ్ ఆ ఇస్త్రీ చొక్కా కాకుండా పనిలోకి వేసుకునే చొక్కానే ఉతికింది వేసుకొని వచ్చాడు.

పందిరి నిండా జనం. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు వరుస కట్టారు. దేవుడు ఎత్తుగా కనబడుతున్నాడు. ముఖం మాత్రం కనబడలేదు. కిరీటం నుంచి బంతిపూలు, మల్లెలు, జరీదారాలు కలిపి కట్టిన సరాలు తొండం సగం దాకా వేలాడుతున్నాయి. పాతబస్తీ నిఖాల్లో పెండ్లికొడుక్కు కట్టే సెహ్రా ఉంటుందే, అచ్చం ఆ మాదిరి. రెండు కండ్లూ దాని వెనకే ఉన్నాయి, బాగున్న కన్నూ, బొక్క పడిన కన్నూ. ఒకటి దాచడానికి రెండూ కప్పేశారు.

నిమాయ్ చెప్పులు విడిచి లోపలికి అడుగు పెట్టబోతుండగా మైకులో ఉమామహేశ్ గొంతు వినబడింది.

“భక్తులారా, ఈసారి మన స్వామివారికి ప్రత్యేకంగా పూల ముసుగు అలంకారం చేసినాం. ఇది బెంగాలీ సంప్రదాయం. ప్రముఖ బెంగాలీ కళాకారులు నిమాయ్ పాల్ గారి సలహా మీదనే చేసినాం. వలస కళాకారుల సంస్కృతిని గౌరవించేదే మన కమిటీ ఆశయం.”

వరుసలో వాళ్లు కొందరు వెనక్కి తిరిగి నిమాయ్‌ను గుర్తుపట్టి తల ఊపారు. ఒకాయన చేయి కలిపి, శానా బాగుండాదప్పా మీ పద్ధతి, అన్నాడు. నిమాయ్ ఆ చేతిని వదిలించుకోలేదు. ఆ మనిషే వదిలేదాకా అట్లాగే నిలబడ్డాడు. తర్వాత విడిచిన చెప్పులు మళ్లీ తొడుక్కున్నాడు.

“నా కన్నుకు గుడ్డ కట్టి, దానికి నా పేరు పెట్టినారు,” అన్నాడు శివలీలతో. రోడ్డు దాటి కాలువ గట్టు వైపు పోయాడు.

ఆమె కూడా ఆయన వెంట పోవలసింది. రెండడుగులు వేసింది కూడా. మైకులో అదే మాట రెండోసారి వచ్చింది. ఈసారి ఇంకా తీయగా వచ్చింది, వీరభద్రప్ప కారు దిగాడు గనక. నోట్లో ఊరిన చేదును దేవుని పందిరి కాబట్టి ఉమ్మకుండా మింగింది. వెనక్కి తిరిగింది. ఆడవాళ్ల వరుసలో నిలబడలేదు. పక్కనుంచి నడిచి, కొబ్బరికాయలు కొట్టే బండ దాటి, పీఠం మెట్లెక్కింది. పనిమనుషులెవరో అనుకొని ఎవరూ ఆపలేదు. పూజారి హారతి పళ్లెంలో కర్పూరం సర్దుకుంటున్నాడు.

దేవుని మోకాలి పక్కన చెక్కబల్ల వేసి ఉంది. దాని మీదికెక్కి కిరీటం వెనక చెయ్యిపెట్టి వెతికింది. బైండింగు వైరుతో కట్టారు. మెలి విప్పడానికి కొంచెం సేపు పట్టింది. వైరు వేలికి గీరుకుంది. ఒక కొస ఊడింది, తర్వాత రెండోది. పూల ముసుగు మొత్తం ఆమె చేతిలోకి వచ్చింది. బరువుగా, తడిగా ఉంది.

వరుస మొత్తం తలెత్తి చూసింది. నల్లగా, గుంటగా ఉన్న బొక్కలోంచి గడ్డిపోచలు బయటికి వచ్చి ఉన్నాయి. చెంప మీది నలుపు ఎండి పెచ్చులు కట్టింది. ఎడమకన్ను మాత్రం పెట్టినట్టే ఉంది. అది కిందికి, ముందు వరుసలో చెయ్యెత్తిన ఆడవాళ్ల ముఖాల మీదికి చూస్తోంది. ఒకామె చంకలోని పిల్ల ముఖాన్ని కొంగుతో కప్పబోయి ఆగింది.

ఉమామహేశ్ మైకు చేతిలో పట్టుకొనే పీఠం దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు గానీ మైకు ఆపడం మరిచిపోయాడు. నువ్వు మన ఊరి ఆడబిడ్డవు, ఇట్లా పరువు తీస్తావా, ముందు అది కట్టు, అన్న మాటలు కాలనీ చివరిదాకా వినబడ్డాయి.

“దెబ్బ తగిలిన దేవుణ్ణి కప్పిపెట్టేది మాలో లేదప్పా,” అంది శివలీల. “అది మీ ఊరి పద్ధతి. మా పేరు పెట్టాకండి.”

ఆమె గట్టిగా అనలేదు. మైకే ఆ మాటను తీసుకుపోయింది. పుట్టి పెరిగిన సీమలో నిలబడి, తన భాషలోనే, తనవాళ్లను ‘మీరు’ అని వేరు చేసినందుకు ఆమెకు లోపల ఎక్కడా నొప్పి కలగలేదు. అట్లా కలగకపోవడమే ఆమెను ఒక్క క్షణం భయపెట్టింది.

వీరభద్రప్ప మెట్ల కింద, చేతులు ముందుకు కట్టుకొని నిలబడ్డాడు. ఆయన దేవుని ముఖం వైపు చూడలేదు. వరుసలో ముసలామె ఒకతె, ఈ కన్నెవరు తీసినారప్పా అని పక్కవాళ్లను అడిగింది. పక్కవాళ్లు తెలిసీ చెప్పలేదు. కానీ సభకు వచ్చినవాళ్లు ఒక్కొక్కరే మెల్లగా వీరభద్రప్ప వైపు తిరిగారు. ఫోటోగ్రాఫరు కెమెరా దించి దాని మూత పెట్టుకున్నాడు.

శివలీల పూల ముసుగును బల్ల మీద పెట్టి కిందికి దిగింది. వేలి నెత్తురును కొంగుకు తుడుచుకొని, జనం తప్పుకొని ఇచ్చిన దారిలో నడిచి ఎండలోకి వచ్చింది. వెనక పూజారి కాసేపు ఎవరైనా ఏమైనా చెబుతారేమోనని చూశాడు. కర్పూరం వెలిగించి, ఆ ముఖానికే హారతి ఇచ్చాడు. ముసుగు మళ్లీ కట్టడానికి ఎవరూ బల్ల ఎక్కలేదు.